కొండెక్కిన దీపం

నిందితుడితో మాట్లాడటానికి పది నిమిషాలే ఇస్తానన్నాడు ఎస్సై. నా మోకాళ్లతో స్టేషన్ మెట్లెక్కేసరికే అందులో సగం కరిగిపోయింది. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరయిన రోజు ఈ మెట్లు ఇక ఎక్కక్కర్లేదని సంబరపడ్డాను. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్ ఝాన్సీలక్ష్మి అని కార్డులు అచ్చేయించుకుని మళ్లీ అవే ఎక్కుతున్నాను. తేడా ఏమిటంటే, ఇప్పుడు కుర్చీ వేసేవాడు లేడు.

భద్రయ్య బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. యాప్రాల్‌లో నరసరాజు గారి షెడ్డుకు కాపలాదారు. సరుకు దొంగిలించి, ఆ దొంగతనం బయటపడేసరికి యజమానినే చంపాడని అతని మీద కేసు. రేపు పొద్దున కోర్టుకు, అక్కడినుంచి జైలుకు. ఆ ముఖం చూస్తే జైలు దాకా కూడా వెళ్లేలా లేడు, దారిలోనే కూలిపోతాడనిపించింది.

"ఆదివారం ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు భద్రయ్యా."

"ఎన్నిసార్లు చెప్పాలె అమ్మా? చెప్పి చెప్పి నోరు ఎండిపాయె."

"నాకొక్కసారి చెప్పు. నేను సీతారత్నమ్మ గారు పంపితే వచ్చాను."

ఆ పేరు వినగానే తలెత్తాడు. నరసరాజు గారి భార్య. భర్త పోయి నాలుగు రోజులు కూడా కాకముందే నన్ను పిలిపించి, "భద్రయ్య చెయ్యడమ్మా, నువ్వు చూడు" అని ఒకే ఒక్క మాట చెప్పిన మనిషి.

"పొద్దుగాల కరెంటు పోయింది. లైను పని చేస్తున్నరట, సాయంత్రం దాక రాదన్నరు. గుంతల ఫ్యాను బందయింది. పెద్దసారు దీపం కిందికి ఇడిచి చూసిండు. జెరసేపుండి ఇంటికి ఫోన్ కొట్టిండు. 'దీపం కొండెక్కింది' అన్నడు, పెట్టేసిండు. కరెంటు వచ్చేదాక దిగేది లేదు, నువ్వు పోయి బువ్వ తినిరా, నేనీడనే కూసుంట అని నాతోని అన్నడు. నేను తినొచ్చేసరికి కుర్చీల లేడు." బెంచీ అంచు పట్టుకున్నాడు. "కింద పడున్నడు."

"దీపం కొండెక్కిందన్న మాట ఎవరెవరికి చెప్పావు?"

"ఆ టై కట్టుకున్న సారుకు చెప్పిన. గది చెప్పంగనే ఆయన మొఖం ఎలిగిపోయింది. మల్ల ఒక్క ప్రశ్న అడగలే. నేనేం తప్పు మాట్లాడిన్నో నాకింకా సమజైతలేదమ్మా."

నాకు మాత్రం అప్పుడే కొంచెం అర్థమవసాగింది. లేచి ఎస్సై దగ్గరికి వెళ్లాను.

"ఫోన్‌లో పెద్దాయన ఏం చెప్పాడని మీ దగ్గరుంది?"

"సరుకు కొండకు పోయిందని చెప్పిండు కదా మేడం. ఆయన కొడుకు పెట్టుకున్న డిటెక్టివ్ హేమచంద్ర సారు రిపోర్టు ఇచ్చిండు. మంచి ఇంగ్లీషుల ఉంది."

"అందుకే భయంగా ఉంది," అన్నాను. అతను నవ్వాలో వద్దో తెలియక ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

యాప్రాల్ దాకా ఆటోలో వెళ్తుంటే ఆ మాట నా చెవిలోనే తిరుగుతోంది. ఇంట్లో దీపం ఆరిపోయిందని అనకూడదు. అశుభం. కొండెక్కింది అనాలి. మా అమ్మ నాకు అన్నం తినడం నేర్పకముందే ఈ మాట నేర్పి ఉంటుంది. బేగంపేటలో అద్దాల గదిలో కూర్చుని, ఎలా అనువదించినా జీతం వచ్చే హేమచంద్రకు ఇది ఎవరూ నేర్పలేదు. పైగా అతని ఖర్మకొద్దీ ఈ కేసులో పోయిందంటున్న సరుకు 'దీపం' అనే పేరున్న వైన్, నిజంగానే ఒక కొండ కూడా ఉంది.

కొండ పేరు పొగకొండ. విశాఖ అవతల, సముద్రం కనిపించేంత దగ్గర. పగలు ఉప్పుగాలి, రాత్రయితే మంచు. ద్రాక్ష అంటే ఎండకు పండేదని అందరూ నవ్వుతుంటే నరసరాజు గారు చలిదేశాల తీగలు తెప్పించి అక్కడ నాటారు. ఏళ్ల తరబడి ఒక్క గుత్తి సరిగ్గా రాలేదట. సీతారత్నమ్మ గారు గాజులు తీసిచ్చి మళ్లీ నాటించారు. చివరికి కాసింది. ఇప్పుడు ఆ వైన్ పేరు చెప్తే పెద్ద హోటళ్ల వాళ్లు లేచి నిలబడతారు. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు ఆయన్ని కొండ ఎక్కొద్దన్నారు. మనిషి ఊరుకుంటాడా? కొండమీది కాయల్నే చల్లటి లారీలో ఇక్కడికి తెప్పించుకుని, యాప్రాల్‌లో ఒకప్పటి ద్రాక్షతోటలో మిగిలిన పాత షెడ్డు కొని, అందులో గుంత తవ్వించి, ఏటా రెండు పీపాలు సొంత చేత్తో పులియబెట్టుకునేవారు.

షెడ్డు తాళం సీతారత్నమ్మ గారే ఇచ్చారు. పోలీసులు తమ పని ముగించుకుని వెళ్లిపోయారు. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. అయినా గుంత మెట్ల దగ్గర కాసేపు ఆగాను. రసం పులిసేటప్పుడు పుట్టే గాలికి రంగుండదు. మామూలు గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. అందులో దీపం నిలవదు. కాసేపటికి మనిషీ నిలవడు. అందుకే మెట్ల పైనుంచి ఒక గొలుసు, దాని చివర ఇత్తడి ప్రమిద. వెలిగించి కిందికి వదలడం, వెలుగుతూ ఉంటేనే దిగడం. ఆయన పద్ధతి అది. దిగేముందు ఇంటికి ఫోన్ చేసి, దీపం బాగుందనో, కొండెక్కిందనో భార్యకు చెప్పడం కూడా అందులో భాగమే.

గొలుసు పైకి లాగాను. ప్రమిదలో నూనె నిండుగా ఉంది. వత్తి మల్లెమొగ్గలా తెల్లగా ఉంది.

ఆరిపోయిన దీపానికి వత్తి నల్లగా ఉండాలి. ఇది ఒక్కసారి కూడా వెలగని వత్తి. అంటే పాత వత్తి తీసి, పాత నూనె పారబోసి, పని అయ్యాక మళ్లీ కొత్తవి పెట్టారు. మధ్యలో ఈ ప్రమిదలో ఇంకేదో ఉంది.

మెట్టు పక్కన మట్టిలో నూనె మరక దొరికింది. దాని మీద చీమలు. మోకాళ్లు మొరాయిస్తున్నా కింద కూర్చుని ఆ చుట్టూ వేలితో గీరుతూ పోతే, గోరంత ప్లాస్టిక్ ముక్క తగిలింది. సన్నగా, పారదర్శకంగా ఉంది. బ్యాటరీ వస్తువులు కొత్తగా కొన్నప్పుడు సెల్లుకు అడ్డంగా ఉంటుందే, లాగితే వెలుగుతుందే, అలాంటి చిన్న పట్టీ. ఒక మూల ఎర్రటి చుక్క అచ్చయి ఉంది.

అప్పుడు జరిగింది కళ్లకు కట్టింది. పెద్దాయనకు కళ్లలో శుక్లాలు, వచ్చే నెల ఆపరేషన్ ఉంది. కరెంటు లేని షెడ్డు. మనిషి కుర్చీలో కునుకు తీసి ఉంటాడు, లేదా కాలకృత్యాలకు వెళ్లి ఉంటాడు. తిరిగొచ్చి చూస్తే గుంతలో దీపం మినుకు మినుకుమంటోంది. ఎవరో వెలిగించి వదిలారు, గాలి తేలికపడింది అనుకున్నాడు. పీపాలో ద్రాక్షతొక్కలు పైకి తేలి గట్టిపడితే రసం పుల్లబడి పాడవుతుంది, కర్రతో లోపలికి ముంచుతూ ఉండాలి. ఆ తొందరలో దిగాడు. జీవితమంతా నమ్మిన దీపాన్ని నమ్మి దిగాడు. బ్యాటరీ దీపానికి గాలితో పనేముంది?

"మేడం గారు ఇంకా ఇక్కడే ఉన్నారా?"

హేమచంద్ర. ఎండలో కూడా టై. నరసరాజు గారి కొడుకు దుర్గేష్ పెట్టుకున్న డిటెక్టివ్ కంపెనీకి ఇతనే పెద్ద. నన్ను చూస్తే పాత స్కూటర్‌ను చూసినట్టు జాలిగా నవ్వుతాడు.

ప్లాస్టిక్ ముక్కను కొంగు ముడిలో వేసుకుని లేచాను.

"కేస్ క్లోజ్ అయిపోయింది మేడం. లారీ డ్రైవర్ దొరికాడు. ముందు రోజు సాయంత్రం దీపం పెట్టెలు పొగకొండకు లోడ్ చేయించింది భద్రయ్యేనని చెప్పాడు. బిల్లు లేదు, ఏమీ లేదు."

"పెద్దాయన నోటిమాట మీద పంపించి ఉండొచ్చుగా? ఆయన సరుకు, ఆయన కొండ."

"ఉండొచ్చు, కానీ ఆయనే ఫోన్‌లో కంప్లెయింట్ చేశారుగా. దీపం కొండెక్కింది అని."

"కొండెక్కింది అంటే ఏమిటి హేమచంద్రా?"

చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అంటే హిల్ మీదకు వెళ్లిందని. మీకు తెలుగు రాదా మేడం?"

నాకు నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక ఊరుకున్నాను. ఇప్పుడు ఇతనికి చెప్తే పది నిమిషాల్లో తన క్లయింటుకు ఫోన్ చేస్తాడు. భద్రయ్య మంచికోసమే అయినా నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని.

"ఈ అర్థం నువ్వు చెప్పావా, దుర్గేష్ చెప్పాడా?"

"ఫోన్ ఎత్తింది ఆయనే. ఇంట్లో ల్యాండ్‌లైన్. సరుకు హిల్‌కి వెళ్లిందన్నట్టేనా సర్ అని అడిగాను. అవును, నాకూ అలాగే అర్థమైంది అన్నారు."

"ముందు నువ్వే అన్నావన్నమాట."

"సో వాట్?"

"ఏం లేదు. ఫోన్ తర్వాత దుర్గేష్ ఎక్కడికెళ్లాడు?"

అతని ముఖంలో నవ్వు పోయింది. "మేడం, మీరు నా క్లయింట్ మీదకు వస్తున్నారు. ఆయన బేగంపేట హోటల్లో లంచ్ మీటింగ్‌లో ఉన్నారు. పొగకొండ కొనే పార్టీతో. నేను కూడా ఉన్నాను."

"మొదటినుంచీ ఉన్నాడా?"

"కొంచెం లేట్‌గా వచ్చారు. ట్రాఫిక్."

"ఆదివారం పూట కార్ఖానాలో ఇంటి నుంచి బేగంపేటకు ట్రాఫిక్?"

"భోజనాలు మొదలుపెట్టేశాం, అంతే. మేడం, ఫ్రాంక్‌గా చెప్తున్నా. మీ వయసుకు రెస్ట్ అవసరం. రేపు కోర్టు అయ్యాక మీ లైసెన్స్ సంగతి, మీ సీన్ ట్యాంపరింగ్ సంగతి కూడా మాట్లాడతాను."

"మాట్లాడు నాయనా. ఇంగ్లీషులోనే మాట్లాడు," అని తాళం వేసి బయటకొచ్చాను.

కార్ఖానాలో వాళ్ల ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. హాల్లో నరసరాజు గారి ఫోటో, దండ, ముందు చిన్న స్టూలు మీద దీపం. పెద్దకర్మ అయ్యేదాకా అది వెలుగుతూనే ఉండాలి. సీతారత్నమ్మ గారు దానికి వీపు పెట్టి, గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నేనూ ఆ పక్కనే చతికిలబడ్డాను.

కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ ముక్క ఆవిడ అరచేతిలో పెట్టాను. "ఇదేమిటో గుర్తుపడతారా?"

అటూ ఇటూ తిప్పి చూశారు. ఎర్ర చుక్క దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. "తెలీదమ్మా," అన్నారు. కానీ తిరిగివ్వలేదు. అలాగే గుప్పెట మూసుకున్నారు.

దుర్గేష్ లోపలినుంచి వచ్చాడు. నలభై దాటినవాడు, గడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. నిద్ర లేదని తెలుస్తూనే ఉంది. దుఃఖం వల్ల నిద్ర లేనివాడిలాగే ఉన్నాడు, నిజం చెప్పాలంటే. నాకు ఈ ఉద్యోగంలో విసుగు పుట్టేది ఇక్కడే. తప్పు చేసినవాళ్లు కూడా ఏడుస్తారు, ఆ ఏడుపు అబద్ధం కాదు.

"రండి ఆంటీ. హేమచంద్ర ఫోన్ చేశాడు. మీకేదో డౌట్ ఉందట."

"పెద్ద డౌట్లేం లేవు బాబూ. ఆదివారం నాన్నగారు ఫోన్‌లో ఏమన్నారో నీ నోటితో విందామని."

సీతారత్నమ్మ గారు చటుక్కున తలెత్తారు. "ఫోన్ వచ్చిందా? నాతో చెప్పలేదేంరా?"

"నువ్వు పూజలో ఉన్నావమ్మా. తర్వాత ఇక... నువ్వున్న పరిస్థితిలో ఏం చెప్పను? దీపం స్టాకు కొండకి వెళ్లిపోయింది అన్నారు. కోపంగా ఉన్నారు. నేను తర్వాత చూద్దాంలే అని పెట్టేశాను."

"స్టాకు గొడవ నాకెందుకు చెప్తారురా ఆ టైములో?" ఆవిడ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు. "దిగేముందు చేసే ఫోను కదా అది."

"నాకేం తెలుసమ్మా? అన్నది చెప్పాను."

నేను మాట మార్చాను. "ఉక్కగా ఉంది. కాస్త ఫ్యాను వేసుకోవచ్చా?" అని లేచి, స్విచ్ నొక్కి, రెగ్యులేటర్ సగానికి తిప్పి వచ్చాను. ఆ దీపం ఎవరిదో తెలిసి, ఎందుకు పెట్టారో తెలిసి ఆ పని చేశాను. సిగ్గుగానే ఉంది. అక్కడ స్టేషన్‌లో భద్రయ్య బెంచీ చివర ఒదిగి కూర్చోకపోతే చేసేదాన్ని కాదు.

"పొగకొండ అమ్మేస్తున్నారటగా," అన్నాను.

దుర్గేష్ ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మక ఏం చెయ్యమంటారు ఆంటీ? ఏటా మంచుకు సగం పంట పోతుంది. వచ్చినదాంట్లో మంచివన్నీ నాన్నకు ఇక్కడ ఆడుకోవడానికి. నా చిన్నప్పటినుంచీ ఇంట్లో ఆ తీగల గొడవే. నా స్కూలు ఫీజు కట్టడం మర్చిపోయినవాడు తీగలకు మందు కొట్టించడం మాత్రం ఒక్కసారి మర్చిపోలేదు. ఇప్పుడు రిసార్టు వాళ్లు వచ్చి మంచి మాట చెప్తే, నేను చచ్చాక అమ్ముకో అన్నాడు."

చివరి మాట అన్నాక తనకే ఇబ్బందిగా అనిపించిందేమో, ముఖం తుడుచుకున్నాడు.

"నాన్నగారికి నీమీద ప్రేమ లేదంటావా?"

"ఉండేది. ఆ కొండ తర్వాత." తల్లి వైపు చెయ్యి చూపించాడు. "అడగండి అమ్మని. నేను అబద్ధం చెప్తున్నానా అని అడగం..."

మాట సగంలో ఆగిపోయింది. అతని చూపు తల్లి భుజం మీదుగా ఫోటో వైపు వెళ్లింది. ఫ్యాను గాలికి జ్వాల ఒకసారి పక్కకు వాలి, లేచి, మళ్లీ వాలింది. సన్నటి పొగ పైకి లేచింది.

దుర్గేష్ కుర్చీలోంచి సగం లేచాడు. కంగారులో అచ్చం చిన్నపిల్లాడిలా పిలిచాడు.

"అమ్మా, దీపం కొండెక్కింది! ఫ్యాను తీసెయ్యి!"

నేను కదల్లేదు. సీతారత్నమ్మ గారూ కదల్లేదు. సగం లేచిన మనిషి అలాగే నిలబడిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవిన పడింది.

"ఏమన్నావురా?" అన్నారు ఆవిడ.

"దీపం... ఆరింది అంటున్నాను."

"అలా అనలేదు నువ్వు."

"ఏదో నోట్లోంచి వచ్చేసిందమ్మా."

"వస్తుంది. నీకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ అదే అంటున్నావు. ఒకసారి బడిలో ఆరిపోయింది అన్నావని ఇంటికొచ్చి లెంపలేసుకున్నావు." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నాకన్నా ఎక్కువ అలసట. "మీ నాన్న ఫోన్‌లో అదే మాట అన్నారు కదూ?"

అతను నావైపు చూశాడు. "ఆంటీ, మీరేదో ఊహించుకుంటున్నారు. ఒక మాట పట్టుకుని కోర్టులో నిలబడగలరా?"

"నిలబడలేను," అన్నాను. నిజమే చెప్పాను. గుంతలో గాలి బాగాలేదని ఇతను ఫోన్‌లోనే తెలుసుకున్నాడని నాకు అర్థమైనా, మాట గాలిలో కలిసిపోతుంది. నా దగ్గర ఒక తెల్ల వత్తి, ఒక ప్లాస్టిక్ ముక్క మాత్రమే ఉన్నాయి. ఆ ముక్క కూడా ఇప్పుడు ఆవిడ గుప్పెట్లో ఉంది. ఆవిడ దాన్ని అదుగో వంటింటి తూములో పారేస్తే, నేను చేయగలిగేది ఏమీ లేదు. కన్నతల్లిని అడ్డుకునే హక్కు కూడా నాకు లేదనిపించింది.

సీతారత్నమ్మ గారు గోడ పట్టుకుని లేచారు. ముందు వెళ్లి ఫ్యాను ఆపారు. తర్వాత పూజగదిలోకి వెళ్లారు. అల్మారా తలుపు తెరిచిన చప్పుడైంది. దుర్గేష్ ఆ వైపు ఒక అడుగు వేశాడు. "అమ్మా," అన్నాడు. "అమ్మా, వద్దు." నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. నన్ను తోసుకుని వెళ్లగలడు. వెళ్లలేదు.

ఆవిడ ఒక అట్టపెట్టెతో తిరిగొచ్చారు. మీద ఎర్ర దీపాల బొమ్మ.

"దీపావళికి వీడే తెచ్చిచ్చాడమ్మా. నూనె మరకలవుతాయి, బ్యాటరీ దీపాలు పెట్టుకో అన్నాడు. దేవుడికి ప్లాస్టిక్ దీపమేంటిరా అని లోపల పెట్టేశాను. మూత కూడా తియ్యలేదు నేను."

మూత ఇప్పుడు తీసి ఉంది. లోపల రెండు గుంటలు. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో బుల్లి దీపం, దాని అడుగున బయటకు తొంగిచూస్తూ గోరంత ప్లాస్టిక్ పట్టీ, మూలన ఎర్ర చుక్క. ఆవిడ గుప్పెట విప్పి తన చేతిలోని ముక్కను దాని పక్కన పెట్టారు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

దుర్గేష్ కుర్చీలో కూర్చుండిపోయాడు. ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "నేను దిగమనలేదమ్మా," అన్నాడు వేళ్ల సందుల్లోంచి. "నేను దిగమనలేదు. ఆయనే దిగాడు."

ఆవిడ అతని వైపు చూడలేదు. పెట్టెకు మూత పెట్టి నా చేతికిచ్చారు. తర్వాత ఫోటో ముందు కూర్చుని, నూనె పోసి, వత్తి ఎగదోసి, అగ్గిపుల్ల గీశారు. మొదటి పుల్ల ఆరింది. రెండోది నిలిచింది. దీపం వెలిగాక, అటే చూస్తూ అన్నారు.

"భద్రయ్యను అన్నం వేళకి ఇంటికి పంపించెయ్యమని చెప్పమ్మా. నాలుగు రోజులైంది, ఏం తిన్నాడో ఏమో."